అమెరికా సర్వోన్నత న్యాయస్థానం: ప్రజాభిప్రాయం, సన్నగిల్లిన విశ్వాసం

అమెరికా సుప్రీంకోర్టుపై ఆ దేశ ప్రజలకు ఉన్న నమ్మకం గత అర్ధ శతాబ్దంలో పలుమార్లు హెచ్చుతగ్గులకు లోనైనప్పటికీ, 2021 తరువాత సంభవించిన పతనం మునుపటి ఒడుదొడుకుల కోవకు చెందినది కాదు. ప్రజాభిప్రాయాన్ని కొలిచే గాలప్ సంస్థ 1973 నుంచి అడుగుతూ వస్తున్న ప్రశ్నకు జవాబుగా, ఈ న్యాయస్థానంపై తమకు నమ్మకం చాలా ఎక్కువగా గానీ గట్టిగా గానీ ఉందని చెప్పినవారు 1985లోనూ 1988లోనూ 56 శాతం ఉండగా, వారి సంఖ్య 2021లో 36 శాతానికి, 2022 జూన్ నాటికి 25 శాతానికి పడిపోయింది. అంతకు ముందు నమోదైన కనిష్ఠం 2014 నాటి 30 శాతం. ఆ తరువాతి మూడేళ్లలో ఈ సంఖ్య వరుసగా 27, 30, 27గా నమోదైందే గాని పూర్వస్థితికి చేరలేదు.

ఈ సగటు అంకె కంటే దాని లోపల దాగి ఉన్న చీలిక మరింత ముఖ్యమైనది. న్యాయస్థానం పనితీరును ఆమోదిస్తున్నారా అని అదే సంస్థ అడిగే మరో ప్రశ్నకు 2015 జులైలో డెమొక్రాట్లలో 76 శాతం, రిపబ్లికన్లలో 18 శాతం మాత్రమే అవునని చెప్పగా, 2025 జులైలో రిపబ్లికన్లలో 75 శాతం, డెమొక్రాట్లలో 11 శాతం అవునన్నారు. పదేళ్లలో రెండు పక్షాలూ చోట్లు మార్చుకున్నాయి. న్యాయస్థానంపై మొత్తం మీద నమ్మకం తగ్గడం ఒక ఎత్తయితే, పౌరులు దానిని తమ పార్టీ గెలుపోటముల లెక్కలో చూడడం మరొక ఎత్తు. ఈ రెండో పరిణామమే ఎక్కువ ప్రమాదకరమైనది, సరిదిద్దడానికి ఎక్కువ కష్టమైనది కూడా.

ఖడ్గమూ ఖజానా లేని వ్యవస్థ

రాజ్యాంగం మూడో అధికరణం ద్వారా ఏర్పడి, 1790 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో తొలిసారి సమావేశమైన ఈ న్యాయస్థానానికి తన తీర్పులను అమలు చేయించుకునే సొంత బలగం లేదు, నిధులు మంజూరు చేసే అధికారమూ లేదు. రాజ్యాంగ ఆమోదం కోసం 1788లో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలలో 78వ దానిలో అలెగ్జాండర్ హామిల్టన్ ఈ సంగతినే ప్రస్తావించి, ఖడ్గం కార్యనిర్వాహక శాఖ చేతిలో, ఖజానా శాసనసభ చేతిలో ఉండగా న్యాయశాఖకు మిగిలేది విచక్షణ మాత్రమేనని, అందువల్ల మూడు శాఖలలోనూ అది అతి తక్కువ ప్రమాదకరమైనదని వాదించాడు. 1803 నాటి మార్బరీ - మాడిసన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కొట్టివేసే న్యాయసమీక్ష అధికారం న్యాయస్థానానిదేనని ప్రకటించిన తరువాత, ఎన్నిక కాని కొద్దిమంది న్యాయమూర్తులు ఎన్నికైన ప్రతినిధుల నిర్ణయాన్ని తోసిపుచ్చడం ప్రజాస్వామ్యంలో ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న శాశ్వతంగా నిలిచిపోయింది. దీనికి అలెగ్జాండర్ బికెల్ 1962లో ప్రచురించిన గ్రంథంలో మెజారిటీ వ్యతిరేకతా సమస్య అన్న అర్థంలో పెట్టిన పేరు రాజ్యాంగ శాస్త్రంలో స్థిరపడింది.

సైన్యమూ సొమ్మూ లేని వ్యవస్థ మాట చెల్లడానికి ఆధారం ప్రజలు దాని అధికారాన్ని న్యాయమైనదిగా ఒప్పుకోవడం. పండితులు దీనిని మాన్యత అన్న భావనతో వివరిస్తారు: తీర్పు నచ్చకపోయినా, తీర్పు చెప్పే హక్కు ఆ వ్యవస్థకు ఉందని పౌరుడు అంగీకరించడమే మాన్యత. రాజనీతి శాస్త్రవేత్త డేవిడ్ ఈస్టన్ 1965లో రాజకీయ వ్యవస్థలకు లభించే మద్దతును రెండు రకాలుగా విడదీశాడు. ఒక నిర్దిష్ట నిర్ణయం తమకు అనుకూలంగా ఉన్నందువల్ల ప్రజలు ఇచ్చేది తాత్కాలిక మద్దతు. ఎన్నో ఏళ్లుగా పేరుకున్న సద్భావం వల్ల, నిర్ణయాలతో నిమిత్తం లేకుండా ఇచ్చేది నిలకడ మద్దతు. నిలకడ మద్దతు నిల్వ ఉన్నంత కాలం న్యాయస్థానం అప్రియమైన తీర్పులిచ్చి కూడా తట్టుకోగలదు. సుప్రీంకోర్టు విషయంలో ఈ విభజనను 1990ల నుంచి విస్తృతంగా పరీక్షించిన గ్రెగరీ కాల్డీరా, జేమ్స్ గిబ్సన్ ఆ నిల్వ చాలా గట్టిదని తేల్చారు. న్యాయస్థానం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ, నల్లని అంగీలు, పాలరాతి స్తంభాలు, పద్ధతి ప్రకారం సాగే వాదనలు వంటి చిహ్నాలు ప్రజల కంటబడి, ఓడిన పక్షంలో కూడా గౌరవాన్ని పెంచుతాయని వారు సిద్ధాంతీకరించారు. గత కొన్నేళ్ల అనుభవం ఈ సిద్ధాంతాన్ని తీవ్రమైన పరీక్షకు గురిచేసింది.

సర్వేలు కొలిచేది ఏమిటి

న్యాయస్థానంపై నమ్మకం ఇంత శాతం అని పత్రికలు రాసే అంకెలను యథాతథంగా తీసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ప్రశ్న మారితే జవాబు మారుతుంది. 2022 సంవత్సరమే ఇందుకు మంచి నిదర్శనం. ఆ ఏడాది జూన్‌లో గాలప్ సంస్థ చర్చి, సైన్యం, బ్యాంకులు, పత్రికలు, కాంగ్రెస్ వంటి అనేక సంస్థల పేర్లను ఒకదాని వెంట ఒకటి చదివి, ఒక్కొక్కదానిపై నమ్మకం చాలా ఎక్కువా, గట్టిగా ఉందా, కొంతా, బహు తక్కువా అని అడిగినప్పుడు, సుప్రీంకోర్టుకు మొదటి రెండు జవాబులు కలిపి వచ్చినవి 25 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో అదే సంస్థ, న్యాయస్థానం తన పనిని నిర్వహిస్తున్న తీరును ఆమోదిస్తున్నారా లేదా అని రెండే జవాబులతో అడిగితే 40 శాతం ఆమోదం వచ్చింది. సుప్రీంకోర్టు నాయకత్వంలోని న్యాయశాఖపై విశ్వాసం చాలా ఉందా, ఒక మోస్తరుగా ఉందా, అంతగా లేదా, అసలే లేదా అని అడిగితే మొదటి రెండూ కలిపి 47 శాతం వచ్చాయి. షికాగో విశ్వవిద్యాలయంతో అనుబంధం ఉన్న నార్క్ సంస్థ 1970ల నుంచి నిర్వహిస్తున్న సాధారణ సామాజిక సర్వే జవాబులను మూడుకే పరిమితం చేస్తుంది. ఆ సర్వే 2022లో అత్యధిక నమ్మకం ఉందన్నవారిని 18 శాతంగా, దాదాపు ఏమీ లేదన్నవారిని 36 శాతంగా గుర్తించింది.

ఒకే న్యాయస్థానం, ఒకే సంవత్సరం, అయినా 18 నుంచి 47 దాకా నాలుగు అంకెలు. వీటిలో ఏదో ఒకటే నిజమని వాదించడం పొరపాటు. గట్టి నమ్మకాన్ని మాత్రమే లెక్కించే ప్రశ్న తక్కువ అంకెనిస్తుంది, మోస్తరు విశ్వాసాన్ని కూడా కలిపే ప్రశ్న ఎక్కువ అంకెనిస్తుంది, పనితీరుపై అడిగే ప్రశ్న ఇటీవలి తీర్పులకు వెంటనే స్పందిస్తుంది. ఈస్టన్ విభజన ప్రకారం చూస్తే మొదటి రకం ప్రశ్నలు నిలకడ మద్దతుకు, పనితీరు ప్రశ్న తాత్కాలిక మద్దతుకు దగ్గరగా ఉంటాయి. శ్రద్ధగా చూడవలసింది ఒకే ప్రశ్న కాలక్రమంలో ఎటు కదిలిందన్నది మాత్రమే, ఆ దృష్టితో చూసినప్పుడు అన్ని కొలమానాలూ ఒకే దిశను చూపుతాయి: న్యాయశాఖపై విశ్వాసం 2020లో 67 శాతం ఉండి రెండేళ్లలో 20 శాతం పాయింట్లు కోల్పోయింది; ప్యూ పరిశోధన సంస్థ లెక్కల్లో న్యాయస్థానంపై సదభిప్రాయం 2020 ఆగస్టులో 70 శాతం ఉండగా 2023 వేసవిలో 44 శాతానికి తగ్గి, దురభిప్రాయం ఉన్నవారే ఎక్కువయ్యారు; మార్కెట్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాల సర్వేలో ఆమోదం 2020లో 66 శాతం ఉండగా 2022 జులైలో 38 శాతం.

ఈ పతనంలో కొంత భాగం న్యాయస్థానానికి ప్రత్యేకమైనది కాదు. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం నాటి నుంచి అమెరికన్లలో దాదాపు అన్ని వ్యవస్థలపైనా నమ్మకం సన్నగిల్లుతూనే ఉంది. 2022లో న్యాయస్థానానికి 25 శాతం వచ్చిన సర్వేలోనే అధ్యక్ష పదవికి 23, కాంగ్రెస్‌కు 7 శాతం మాత్రమే వచ్చాయి. ఇతర వ్యవస్థలు జారిపోతున్న దశాబ్దాలలో కూడా న్యాయస్థానం చాలా వరకు నిలదొక్కుకుంది గనుక, ఇప్పుడు అది కూడా ఆ వరుసలో చేరడాన్ని సాధారణ ధోరణిగా కొట్టిపారేయడం తగదు.

పాత సంక్షోభాలు

సుప్రీంకోర్టు ప్రజాగ్రహాన్ని చవిచూడడం ఇదే మొదటిసారి కాదు. 1832లో చెరోకీ ప్రజల భూమిపై జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని చెప్పిన తీర్పును ఆ రాష్ట్రం పెడచెవిన పెట్టింది. 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ నల్లజాతివారు అమెరికా పౌరులు కాలేరని, కేంద్రపాలిత భూభాగాలలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని ప్రకటించి, నాలుగేళ్లలో మొదలైన అంతర్యుద్ధానికి దారితీసిన విద్వేషాన్ని మరింత రగిల్చాడు. ఆ తీర్పును రద్దు చేయడానికి యుద్ధమూ, 1868లో ఆమోదించిన పద్నాలుగో రాజ్యాంగ సవరణా అవసరమయ్యాయి. ఈ న్యాయస్థాన చరిత్రలో అన్నిటికన్నా హీనమైన తీర్పుగా దానిని నేటికీ అన్ని పక్షాలవారూ ఒప్పుకుంటారు.

ప్రజాభిప్రాయ సర్వేలు పుట్టిన తరువాత వచ్చిన తొలి సంక్షోభం 1937 నాటిది. మహామాంద్యం నుంచి దేశాన్ని గట్టెక్కించడానికి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూడీల్ చట్టాలను న్యాయస్థానం 1935, 1936లలో ఒకదాని తరువాత ఒకటి కొట్టివేయగా, భారీ మెజారిటీతో తిరిగి ఎన్నికైన అధ్యక్షుడు 1937 ఫిబ్రవరి 5న ఒక బిల్లును ప్రతిపాదించాడు. 70 ఏళ్లు దాటినా పదవీ విరమణ చేయని ఒక్కో న్యాయమూర్తికి ఒక్కొక్కరు చొప్పున ఆరుగురి వరకు కొత్తవారిని చేర్చి, తొమ్మిది మంది న్యాయస్థానాన్ని పదిహేనుకు పెంచే అవకాశం ఆ బిల్లు కల్పించేది. అప్పటికి రెండేళ్ల కిందటే స్థాపితమైన గాలప్ సంస్థ ఈ బిల్లుపై నెలల తరబడి సర్వేలు జరిపింది. రూజ్‌వెల్ట్‌ను గెలిపించిన ప్రజలే న్యాయస్థానాన్ని ఆయన ఇష్టానికి మలచడానికి మాత్రం సమ్మతించలేదు. మార్చి 29న న్యాయస్థానం వాషింగ్టన్ రాష్ట్రంలో మహిళల కనీస వేతన చట్టాన్ని 5-4తో సమర్థించి తన వైఖరి మార్చుకోవడం, జులైలో సెనెట్ 70-20 ఓట్లతో బిల్లును కమిటీకి తిప్పిపంపడం వల్ల అది అటకెక్కింది. వైఖరి మార్పుకు కీలకమైన న్యాయమూర్తి ఓవెన్ రాబర్ట్స్ బెదిరింపుకు లొంగాడన్న మాట ప్రచారంలో ఉన్నా, బిల్లు వెలుగులోకి రాకముందే, 1936 డిసెంబరులోనే, ఆయన అంతర్గత సమావేశంలో తన ఓటు వేశాడన్నది నమోదైన విషయం.

1954 మే 17న పాఠశాలల్లో జాతి వివక్ష చెల్లదని ఏకగ్రీవంగా చెప్పిన బ్రౌన్ తీర్పు దక్షిణాది రాష్ట్రాలలో తీవ్రమైన ప్రతిఘటనను రేపింది. 1956లో 101 మంది కాంగ్రెస్ సభ్యులు తీర్పును ఖండిస్తూ ప్రకటన జారీ చేశారు. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్‌ను అభిశంసించాలని రహదారుల పక్కన బోర్డులు వెలిశాయి. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు బడిలో అడుగుపెట్టడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపవలసి వచ్చింది. హామిల్టన్ చెప్పిన ఖడ్గం ఎవరి చేతిలో ఉందో అంత స్పష్టంగా కనిపించిన సందర్భం మరొకటి లేదు. అయినా ఆ కాలపు వ్యతిరేకత ప్రాంతానికి సంబంధించినదే గాని పార్టీలకు సంబంధించినది కాదు: వారెన్‌ను నియమించినది రిపబ్లికన్ అధ్యక్షుడు, తీర్పును ఎదిరించిన దక్షిణాది నాయకులు అత్యధికులు డెమొక్రాట్లు.

ఈ తేడాను 1970లలో ఇంకా దగ్గరగా చూడవచ్చు. 1974 జులై 24న వాటర్‌గేట్ టేపులను అప్పగించాలని అధ్యక్షుడు నిక్సన్‌ను ఆదేశిస్తూ న్యాయస్థానం 8-0తో తీర్పు చెప్పినప్పుడు, ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవారే, తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ సైతం వారిలో ఒకరు. నిక్సన్ నియమించిన నాలుగో న్యాయమూర్తి విలియం రెంక్విస్ట్ కేసు నుంచి తప్పుకున్నాడు. పదహారు రోజులలో నిక్సన్ పదవి నుంచి వైదొలిగాడు. అంతకు ఏడాదిన్నర ముందు, 1973 జనవరి 22న, గర్భస్రావ హక్కును గుర్తించిన రో - వేడ్ తీర్పు 7-2తో వచ్చింది. అనుకూలంగా నిలిచిన ఏడుగురిలో ఐదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారు, వ్యతిరేకించిన ఇద్దరిలో బైరన్ వైట్ డెమొక్రాట్ అయిన కెనెడీ నియమించినవాడు. నియామకం చేసిన పార్టీని చూసి తీర్పును ఊహించడం ఆనాడు సాధ్యమయ్యేది కాదు, అందువల్ల ఆగ్రహించినవారికి కూడా న్యాయస్థానం ఫలానా పార్టీ చేతి పనిముట్టని చెప్పే ఆధారం దొరికేది కాదు.

పార్టీ గీత ఎలా పడింది

తీర్పుల గీత, పార్టీల గీత ఒకటి కావడానికి దశాబ్దాలు పట్టింది. 1982లో ఏర్పడిన ఫెడరలిస్ట్ సొసైటీ రాజ్యాంగాన్ని రచనాకాలపు అర్థంలోనే చదవాలన్న వాదాన్ని న్యాయకళాశాలల నుంచి పెంచి పోషించి, రిపబ్లికన్ అధ్యక్షులకు నమ్మకమైన అభ్యర్థుల వరుసను సిద్ధం చేసింది. 1987లో న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను సెనెట్ 58-42తో తిరస్కరించడం రిపబ్లికన్లలో మానని గాయంగా మిగిలింది. రిపబ్లికన్లు నియమించి కూడా ఉదారవాదుల వైపు నిలిచిన డేవిడ్ సౌటర్ 2009లో, జాన్ పాల్ స్టీవెన్స్ 2010లో విరమించి, వారి స్థానాలు డెమొక్రాట్ అధ్యక్షుడు నియమించినవారితో నిండిన తరువాత, ఉదారవాదులందరూ డెమొక్రాట్లు నియమించినవారు, సంప్రదాయవాదులందరూ రిపబ్లికన్లు నియమించినవారు అయ్యారు. ఈ పూర్తి సమీకరణ ఆధునిక కాలంలో అంతకు ముందు లేనిది. 2000 డిసెంబరు 12న ఫ్లోరిడా ఓట్ల తిరిగి లెక్కింపును ఆపి జార్జ్ బుష్ ఎన్నికకు దారి వేసిన 5-4 తీర్పులో సైతం విరోధించిన నలుగురిలో ఇద్దరు, సరిగ్గా ఈ సౌటర్, స్టీవెన్స్‌లే, రిపబ్లికన్లు నియమించినవారు.

సెనెట్ ఓట్లను పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు ఎంతటిదో తెలుస్తుంది. కరడుగట్టిన సంప్రదాయవాది ఆంటొనిన్ స్కాలియా 1986లో 98-0తో, ఉదారవాది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1993లో 96-3తో నెగ్గారు. 2016 ఫిబ్రవరి 13న స్కాలియా మరణించగా అధ్యక్షుడు ఒబామా మార్చిలో మెరిక్ గార్లండ్‌ను ప్రతిపాదించాడు; ఎన్నికల సంవత్సరంలో కొత్త అధ్యక్షుడే నియమించాలంటూ సెనెట్ మెజారిటీ నాయకుడు మిచ్ మెకానెల్ కనీసం విచారణ కూడా జరపనివ్వలేదు. మరుసటి ఏడాది, చర్చ ముగించడానికి 60 మంది సమ్మతి కావాలన్న ఫిలిబస్టర్ నియమాన్ని సుప్రీంకోర్టు నియామకాలకు రద్దు చేసి నీల్ గోర్సచ్‌ను 54-45తో ఆమోదించారు. లైంగిక దాడి ఆరోపణలపై దేశమంతా చూసిన విచారణ తరువాత 2018 అక్టోబరులో బ్రెట్ కవనా 50-48తో నెగ్గాడు. 2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ మరణించినప్పుడు ఎన్నికలకు ఏడు వారాల లోపే గడువున్నా, నాలుగేళ్ల కిందటి వాదన పక్కకుపోయి, ఎమీ కోనీ బారెట్ అక్టోబరు 26న, పోలింగుకు ఎనిమిది రోజుల ముందు, ఒక్క డెమొక్రాట్ ఓటు లేకుండా 52-48తో నియమితురాలైంది.

2016లోనూ 2020లోనూ సెనెట్ చేసినది రాజ్యాంగ నిబంధనలకు విరుద్ధం కాదు, కానీ ఒకే సూత్రాన్ని రెండుసార్లు రెండు విధాలుగా వర్తింపజేయడాన్ని సమర్థించడం కష్టం. నమ్మకం క్షీణించడానికి మూలమైన ఘట్టం ఏదని అడిగితే తీర్పులకన్నా ముందు దీనినే పేర్కొనవలసి ఉంటుంది. ఒకే పదవీకాలంలో ముగ్గురిని నియమించిన డొనాల్డ్ ట్రంప్ 2016లో మొత్తం ఓట్లలో ప్రత్యర్థి కంటే సుమారు 29 లక్షలు వెనుకబడి ఉండడం కూడా అసంతృప్తిని పెంచింది. రాబర్ట్ డాల్ 1957లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, ఖాళీలు తరచుగా ఏర్పడి పాలక కూటమి వాటిని నింపుతూ ఉంటుంది గనుక న్యాయస్థానం జాతీయ మెజారిటీకి చాలాకాలం దూరంగా ఉండజాలదు. ఈ సూత్రం పనిచేయాలంటే ఖాళీలు క్రమంగా రావాలి. అయితే జిమ్మీ కార్టర్‌కు నాలుగేళ్లలో ఒక్క నియామకమూ దక్కలేదు, 1970కి ముందు సగటున 15 ఏళ్లు సాగిన న్యాయమూర్తుల పదవీకాలం ఆ తరువాత 26 ఏళ్లకు పెరిగింది. 2022లో వెలువడిన ఒక దీర్ఘకాలిక సర్వే పరిశోధన, 2020 తరువాత న్యాయస్థానం సగటు అమెరికన్ కంటే స్పష్టంగా సంప్రదాయవాదం వైపు జరిగిందని, ఆ సంగతిని చాలామంది ప్రజలు గుర్తించలేదని కూడా చూపింది.

డాబ్స్ తీర్పు

కొత్త మెజారిటీ ప్రభావం మొదట పూర్తి విచారణ లేని ఉత్తర్వులలో కనిపించింది. వాదనలు వినకుండా, తరచుగా కారణాలూ సంతకమూ లేకుండా జారీ చేసే అత్యవసర ఉత్తర్వులను న్యాయ పండితుడు విలియం బౌడ్ 2015లో షాడో డాకెట్ అని పేర్కొనగా ఆ పేరు వాడుకలోకి వచ్చింది. ఆరు వారాల తరువాత గర్భస్రావాన్ని నిషేధించిన టెక్సస్ చట్టాన్ని ఆపడానికి 2021 సెప్టెంబరు 1 అర్ధరాత్రి వేళ 5-4తో నిరాకరించిన ఉత్తర్వు ఇటువంటిదే. జులైలో 49 శాతం ఉన్న గాలప్ ఆమోదం సెప్టెంబరులో 40 శాతానికి దిగింది. 2022 మే 2న పొలిటికో పత్రిక డాబ్స్ కేసు ముసాయిదా తీర్పును బయటపెట్టింది, గోప్యతకు మారుపేరైన ఆ న్యాయస్థానంలో పూర్తి ముసాయిదా ఇలా వెల్లడి కావడం అసాధారణం. న్యాయస్థానం చుట్టూ ఎత్తైన ఇనుప కంచె లేచింది. జూన్ 24న వెలువడిన తుది తీర్పు రో తీర్పును రద్దు చేసి గర్భస్రావ విషయాన్ని రాష్ట్రాలకు వదిలింది. రో తీర్పును రద్దు చేసిన ఐదుగురూ, కేసు ఫలితంతో మాత్రమే ఏకీభవించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రిపబ్లికన్లు నియమించినవారు. విరోధించిన ముగ్గురూ డెమొక్రాట్లు నియమించినవారు. 1973 నాటి 7-2కూ దీనికీ ఉన్న తేడాలోనే ఈ అర్ధ శతాబ్దపు కథంతా ఉంది.

ఆ తీర్పును 57 శాతం అమెరికన్లు వ్యతిరేకించారని, 41 శాతం సమర్థించారని ప్యూ సర్వే చూపింది. ఆగస్టులో రిపబ్లికన్ల కోటగా పేరున్న కాన్సస్ రాష్ట్రంలో గర్భస్రావ హక్కును తొలగించే సవరణను సుమారు 59 శాతం ఓటర్లు తిప్పికొట్టారు. అయినా నమ్మకం పడిపోవడానికి డాబ్స్ ఒక్కటే కారణమనడానికి వీల్లేదు, గాలప్ 25 శాతాన్ని నమోదు చేసినది ముసాయిదా బయటపడిన తరువాత, తుది తీర్పుకు ముందు. మరో కోణం నుంచి చూస్తే, ఐదు దశాబ్దాలుగా రో తీర్పును న్యాయమూర్తుల చొరబాటుగా భావించిన పౌరులకు డాబ్స్ అన్యాయాన్ని సరిదిద్దినట్లే కనిపించింది, వారి నమ్మకం పెరిగింది కూడా. సమస్యను న్యాయస్థానం లోపలే గుర్తించారు: నూతన నియామకాల వల్ల మాత్రమే రాజ్యాంగం అర్థం మారినట్లు కనిపిస్తే మాన్యత నిలవదని న్యాయమూర్తి ఎలీనా కేగన్ హెచ్చరించగా, తీర్పు నచ్చనంత మాత్రాన న్యాయస్థానం మాన్యతనే ప్రశ్నించడం తగదని రాబర్ట్స్ 2022 సెప్టెంబరులో బదులిచ్చాడు. రాబర్ట్స్ మాట సూత్రప్రాయంగా సరైనదే అయినా, అది కేగన్ లేవనెత్తిన ప్రశ్నకు జవాబు కాదు.

ప్రతి కేసూ పార్టీ గీత మీద చీలుతుందనుకోవడం సరికాదు. ఇటీవలి కొన్నేళ్లలో పదింట నాలుగుకు పైగా తీర్పులు ఏకగ్రీవం. కానీ విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతి ప్రాతిపదికను నిషేధించిన 2023 తీర్పు, మాజీ అధ్యక్షులకు అధికారిక చర్యలపై విస్తృత రక్షణ కల్పించిన 2024 జులై 1 తీర్పు వంటి, ప్రజల దృష్టిలో నిలిచే కేసులు నియామక పార్టీల ప్రకారమే చీలాయి. తొమ్మిది మంది కలిసి తేల్చిన దివాలా చట్టపు చిక్కుముడి పత్రికల మొదటి పుటకు చేరదు.

న్యాయమూర్తుల నడవడి

2023 ఏప్రిల్‌లో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తాసంస్థ, టెక్సస్‌కు చెందిన కోటీశ్వరుడు హార్లన్ క్రో ఖర్చుతో న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఏళ్ల తరబడి విలాస యాత్రలు చేసి, వాటిని ప్రకటించలేదని వెల్లడించింది. వ్యక్తిగత ఆతిథ్యాన్ని ప్రకటించనక్కరలేదని తనకు సలహా లభించిందని థామస్ వివరించాడు. న్యాయమూర్తి శామ్యూల్ అలీటో 2008 నాటి అలాస్కా చేపల వేట యాత్రపై కూడా ఇటువంటి కథనమే వచ్చింది, ఆయన ఆరోపణలను ఖండించాడు. కింది స్థాయి ఫెడరల్ న్యాయమూర్తులకు చిరకాలంగా ఉన్న ప్రవర్తనా నియమావళి అత్యున్నత న్యాయస్థానానికి లేకపోవడం అప్పుడే చాలామందికి తెలిసివచ్చింది. 2023 నవంబరు 13న తొమ్మిది మందీ సంతకం చేసి నియమావళిని ప్రకటించారు, కానీ ఉల్లంఘనను విచారించే యంత్రాంగం ఏదీ అందులో లేదు. తీర్పుల విషయంలో ప్రజలు రెండుగా చీలడం సహజం, బహుమతుల విషయంలో అటువంటి చీలికకు తావులేదు. అందుకే ఈ లోపాన్ని సరిదిద్దుకోవడం న్యాయస్థానానికి అన్నిటికన్నా సులువైన పని, చేయకుండా వదిలేయడం అన్నిటికన్నా తప్పు.

భారత సంతతివారిపై ప్రభావం

ఈ న్యాయస్థానంతో భారతీయులకు సంబంధం పాతదే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్‌ను, సామాన్యుల వాడుకలో శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో పౌరసత్వానికి అనర్హుడిగా 1923 ఫిబ్రవరి 19న ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తీర్పు ఆధారంగా అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని సైతం రద్దు చేశారు, 1946 చట్టం వచ్చేదాకా తలుపులు తెరుచుకోలేదు. ప్రజాభిప్రాయంతో ఏకీభవించిన తీర్పు న్యాయమైనదే కానక్కరలేదనడానికి ఇది బలమైన సాక్ష్యం. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసాపై ఉండి తండ్రి పౌరుడు గానీ శాశ్వత నివాసి గానీ కానప్పుడు పుట్టిన బిడ్డకు జన్మతః పౌరసత్వాన్ని నిరాకరించడంతో, హెచ్-1బి వీసాలపై ఉన్న వేలాది తెలుగు కుటుంబాలు నేరుగా ఆందోళనకు గురయ్యాయి. ఆ ఉత్తర్వును దేశమంతటా నిలిపివేసిన కింది కోర్టుల అధికారాన్ని సుప్రీంకోర్టు 2025 జూన్ 27న 6-3తో పరిమితం చేసింది, ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా అన్న ప్రశ్నను ఆ తీర్పులో తేల్చలేదు.

సంస్కరణ ప్రతిపాదనలు

న్యాయమూర్తుల సంఖ్యను పెంచడం, పదవీకాలానికి హద్దు పెట్టడం, అమలు చేయదగిన నియమావళి రూపొందించడం అన్న మూడు ప్రతిపాదనల చుట్టూ చర్చ సాగుతున్నది. సంఖ్య రాజ్యాంగంలో లేదు. 1789లో ఆరుగా మొదలై పలుమార్లు మారి 1869 చట్టంతో తొమ్మిది దగ్గర స్థిరపడింది, సాధారణ చట్టంతో మళ్లీ మార్చవచ్చు. అయితే ఒక పార్టీ పెంచితే మరో పార్టీ ఇంకా పెంచుతుంది గనుక ఇది రోగాన్ని ముదిర్చే మందు. అధ్యక్షుడు బైడెన్ 2021లో 36 మందితో వేసిన సంఘం ఈ విషయంలో ఎటూ తేల్చలేదు. 2024 జులైలో బైడెన్ స్వయంగా 18 ఏళ్ల పదవీకాలాన్ని ప్రతిపాదించాడు. ఆ పద్ధతిలో రెండేళ్లకొక ఖాళీ తప్పనిసరిగా వచ్చి, ప్రతి అధ్యక్షుడికీ నాలుగేళ్లలో రెండు నియామకాలు దక్కుతాయి, ఒక్కొక్క మరణం చుట్టూ దేశం ఊపిరి బిగబట్టే పరిస్థితి పోతుంది. ఇతర ప్రజాస్వామ్యాలు ఇటువంటి హద్దులు ఎప్పుడో పెట్టుకున్నాయి: భారత సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 65 ఏళ్లకు విరమిస్తారు, జర్మనీ రాజ్యాంగ న్యాయస్థాన సభ్యులు పన్నెండేళ్లకే పరిమితులు, పైగా వారి ఎన్నికకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి గనుక ప్రతిపక్షం సమ్మతి లేకుండా అక్కడ ఎవరూ న్యాయమూర్తి కాలేరు.

పార్టీ చీలికకు అసలు మందు ఈ చివరి నియమంలో ఉంది. పదేళ్లలో పూర్తిగా తారుమారైన నమ్మకాన్ని ప్రసంగాలతో గానీ పాలరాతి స్తంభాల వైభవంతో గానీ తిరిగి తీసుకురాలేరు. రెండు పక్షాలూ అంగీకరించిన వ్యక్తి ఇచ్చిన తీర్పును మాత్రమే ఓడినవారు ఓర్చుకోగలరు. కానీ న్యాయమూర్తులు సత్ప్రవర్తనతో ఉన్నంత కాలం పదవిలో కొనసాగుతారని మూడో అధికరణం చెబుతున్నందున, పదవీకాలంపై గట్టి హద్దు పెట్టడానికి రాజ్యాంగ సవరణే అవసరమని చాలామంది నిపుణుల అభిప్రాయం. సవరణకు కాంగ్రెస్ ఉభయ సభలలో మూడింట రెండు వంతుల మెజారిటీ, ఆపైన 50 రాష్ట్రాలలో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. 1992 తరువాత అమెరికా రాజ్యాంగానికి ఒక్క సవరణ కూడా జరగలేదు.